దొడ్డిలోకి థర్మల్ కెమెరా

పందెపు గుర్రం కాలి స్నాయువు దెబ్బతింటే, అది కుంటడం మొదలుపెట్టకముందే అక్కడికి రక్తం ఎక్కువగా చేరి చర్మం వేడెక్కుతుంది. ఒళ్లు విడిచే పరారుణ కిరణాలను రంగుల బొమ్మగా మార్చి, ఆ వేడిని తాకకుండానే చూపేది థర్మల్ కెమెరా. రెండు కాళ్లలో ఒకేచోట ఒక డిగ్రీ సెల్సియస్ తేడా కనిపించినా పశువైద్యుడు ఆగి చూస్తాడు. లక్షలు పోసి కొన్న జంతువు గనుక అంత జాగ్రత్త. అనంతపురం ప్రాంతంలోని సోమందేపల్లె చుట్టుపక్కల వానలు మొహం చాటేసి వేరుశనగ పోయిన ఏడు ఎన్నో ఇళ్లను నిలబెట్టేది గొర్రెల మందే. ఆ జాగ్రత్త ఈ మందకూ అందాలి.

గొర్రె తన జబ్బును చివరిదాకా బయటపెట్టదు. గాలికుంటు సోకినా దానిలో లక్షణాలు తేలికగానే ఉంటాయి. కాస్త కుంటితే ముల్లు గుచ్చుకుందనుకుంటాం. ఈలోగా అది పది మందలు నీళ్లు తాగే చెరువు దగ్గరికి వెళ్లివస్తుంది. గాలికుంటు సోకించిన పశువులపై అమెరికాలో జరిపిన ప్రయోగంలో, పుండ్లు కనిపించకముందే గిట్టల వేడి పెరిగింది. అనుమానం వచ్చిన జీవాన్ని వేరుగా కట్టేయడానికి ఆ కాస్త వ్యవధి చాలా విలువైనది.

అనంతపురం ఎండలో ఈ కెమెరా ఏం పనిచేస్తుందని అడగడం న్యాయమే. నలభై డిగ్రీల మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన గొర్రెను చూస్తే ఒళ్లంతా ఎర్రగానే కనిపిస్తుంది. అందుకే తెల్లవారుజామున, మందను మేతకు తోలకముందే, దొడ్డిలోనే చూడాలి. బురద తుడిచిన గిట్టల పైఅంచునూ, బొచ్చులేని కంటి మూలనూ చూడాలి. కెమెరా జబ్బు పేరు చెప్పదన్నదీ నిజమే. ఏ గొర్రెను ముందు పట్టుకోవాలో మాత్రం చెబుతుంది, పేరు చెప్పాల్సింది డాక్టరే. జ్వరం కచ్చితంగా తేల్చేది థర్మామీటరే, కానీ రోజూ వంద గొర్రెలను పట్టి దాన్ని పెట్టేదెవరు? ఇక ఖర్చంటారా, ఫోనుకు తగిలించే చిన్న కెమెరాలు వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. ఒక కాలిని ఇంకో కాలితో పోల్చడమే పని గనుక, వాటి కొలతలో కొద్దిపాటి తప్పున్నా సర్దుకోవచ్చు.

2022 నుంచి 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కెమెరాను ముందుగా వాటిలో పెట్టాలి. అంతకన్నా ముందు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన నెల్లూరు జాతి, దక్కనీ గొర్రెల మామూలు వేడి ఎండాకాలంలో ఎంతో, వానాకాలంలో ఎంతో ఇక్కడి దొడ్లలోనే కొలిచి పట్టిక తయారుచేయాలి. చలిదేశపు గొర్రెల లెక్కలతో సోమందేపల్లె గొర్రెకు జ్వరం ఉందో లేదో తేల్చలేం.