కడుపు కడిగితే పోయే రోగం కాదిది

"ఆదివారం పొద్దుగాల ఆముదం తాగాలె కాకా, కడుపు సాఫైతది, సగం రోగాలు ఆణ్నే పోతయి." హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో నడకకొచ్చే పెద్దల్లో ఈ మాటకు తిరుగులేదు. ఆముదం వద్దంటే సునాముఖి ఆకు, అదీ వద్దంటే మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చే విరేచనం గోలీ. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉన్న అరవై ఏళ్లు దాటిన మనిషికి వీటిలో ఏ ఒక్కదాన్నీ వారవారం చేసుకునే శుద్ధిలాగా చెప్పకూడదు.

ముందు దీని వెనకున్న నమ్మకం సంగతి. రోజూ విరేచనం కాకపోతే మలంలోని విషం రక్తంలోకి ఎక్కుతుందట. వందేళ్ల కింద లండన్‌లో అర్బత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ కూడా ఇదే నమ్మాడు, ఏకంగా రోగుల పెద్దపేగులే కోసి తీసేశాడు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ అడ్డం తిరిగాడు. మలబద్ధకంతో వచ్చే తలబరువు విరేచనం కాగానే నిమిషాల్లో దిగిపోతుంది కదా, రక్తంలో విషమే ఉంటే అంత తొందరగా దిగుతుందా? ఆ బాధంతా పురీషనాళం నిండి సాగడం వల్లే అన్నాడు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎన్నిసార్లు వెళ్లినా, బాధ లేకుంటే అది మామూలే.

ఐబీఎస్‌లో అసలు గోడు మలం గట్టిపడటం ఒక్కటే కాదు, నొప్పి కూడా. ఐబీఎస్‌ను గుర్తించే 2016 నాటి రోమ్ ప్రమాణాల ప్రకారం కనీసం వారానికో రోజు కడుపునొప్పి ఉండాలి, దానికి విరేచనంతోనో, వెళ్లే సార్లలో, మలం తీరులో మార్పుతోనో సంబంధం ఉండాలి. ఈ రోగుల్లో చాలామందికి పేగు మామూలు కదలికనే నొప్పిగా తెలుపుతుంది. ఆముదంలోని రిసినోలెయిక్ ఆమ్లం చేసే పనేమో పేగు కండరాన్ని గట్టిగా బిగింపజేయడం. మామూలు కదలికకే నొప్పి పడే పేగును ఇంకా పిండమని చెప్పడం వైద్యమా?

తర్వాత జరిగేది చూడండి. ఆదివారం పేగంతా ఖాళీ అవుతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. సోమ, మంగళవారాలు ఏమీ రాదు, రావడానికి లోపల ఏమీ లేదు గనక. పెద్దాయన మాత్రం 'మళ్లీ బిగుసుకుంది' అని బుధవారం ఇంకో గోలీ వేస్తాడు. మందు తెచ్చిన ఖాళీని రోగం అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. బీపీకి నీటిగోలీ వాడుతున్నవాళ్లకైతే నీరు, పొటాషియం రెండూ పడిపోవచ్చు. తల తిరిగి బాత్రూంలో పడితే తుంటి విరగొచ్చు.

ఇంకో ఉచిత సలహా: "పొట్టుతో తినండి, పీచు తినండి." పీచుల్లో తేడా ఉంది. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 275 మంది ఐబీఎస్ రోగుల్లో ఇసబ్‌గోల్ తిన్నవాళ్లకు మేలు కనిపించింది. గోధుమ పొట్టు తిన్నవాళ్లలో బాధ ఎక్కువై మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ. (అందులో ఉన్నదంతా 65 దాటనివాళ్లే. పెద్దవాళ్ల గురించి ఎప్పుడూ ఇదే కథ.) ఇసబ్‌గోల్‌నైనా ఒక చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, నిండు గ్లాసు నీళ్లతో తాగాలి. మింగడం కష్టమయ్యేవాళ్లు దాని జోలికి పోకూడదు. పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి మలాన్ని మెత్తబరుస్తుంది, నొప్పిని మాత్రం తగ్గించదు. నీళ్లు లీటర్లకొద్దీ తాగమనేవాళ్లు గుండె, కిడ్నీ జబ్బులున్నాయేమో ముందు అడిగి చెప్పాలి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, అరవై దాటాక మొదటిసారి కడుపు తీరు మారితే "గ్యాసు, ఐబీఎస్" అని తేల్చేయడం. ఆ వయసులో కొత్తగా వచ్చిన మలబద్ధకాన్ని ముందు అనుమానించాలి. రక్తం పడటం, బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా కొలనోస్కోపీ అవసరమేమో డాక్టరును అడగాలి. థైరాయిడ్ పరీక్ష, రక్తపరీక్ష పెద్ద ఖర్చేం కాదు. గోలీల సంచీ కూడా విప్పి చూపించాలి: ఐరన్, క్యాల్షియం, ట్రమడాల్, అమిట్రిప్టిలిన్, వెరాపమిల్ అన్నీ మలబద్ధకం తేగలవే. కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్ అయితే పెద్దవాళ్లకు మలబద్ధకాన్నీ, మతిమరుపునూ పెంచగలదు.

"మా తాత ఆముదం తాగి తొంభై ఏండ్లు బతికిండు" అనేవాళ్లున్నారు. బతికి ఉండొచ్చు. ఆయనకు ఐబీఎస్ ఉందో లేదో ఎవరు చూశారు? పొద్దున తిన్న తర్వాత పేగు తనంతట కదిలే వేళకు దొడ్డికి వెళ్లే అలవాటు, గొంతుకూర్చునే పద్ధతీ ఆయనకు ఉండే ఉంటాయి. ఆ సంగతి చెప్పకుండా సీసా ఒక్కటే చేతికిస్తున్నారు. కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకోవచ్చు. ఇన్ని చేసినా ముక్కుతూనే ఉంటే, ముక్కేటప్పుడు వదులవ్వాల్సిన కండరం బిగుస్తోందేమో చూడాలి. అలాంటివాళ్లకు విరేచన మందులు చాలాసార్లు సరిగా పనిచేయవు. ఆ కండరానికి శిక్షణ ఇచ్చే బయోఫీడ్‌బ్యాక్ గురించి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనైనా, ప్రైవేటులోనైనా గ్యాస్ట్రో డాక్టరును అడగాలి.