జ్వరం వచ్చిన రోజుకూ కూలి ఇవ్వాలి



2021 జూన్ 20 నుంచి తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. మా చౌటుప్పల్‌లో హైవే పొడుగునా హోటళ్ళు తెరుచుకున్నాయి, పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్ల వరుసలు మళ్ళీ కనిపించాయి. మే 12 నుంచి కొన్నాళ్ళపాటు పొద్దున నాలుగు గంటలసేపు సాగే బేరంతోనే నెట్టుకొచ్చిన మాలాంటి హోటల్ వాళ్ళకు అది పెద్ద ఊరట. అయితే ఎలా తెరిచామన్నదే నన్ను కలవరపెట్టింది.

ప్రతి గుమ్మంలో శానిటైజర్ సీసా, నుదుటికి గురిపెట్టే థర్మామీటరు కనిపించాయి. అంతకు ముందు 2020 జూన్ 8న హోటళ్ళు తెరిచినప్పుడూ ఇవే ఉన్నాయి. అప్పుడు మా పక్క హోటల్లో దోసెలు వేసే పిలగాడు పొద్దున్నే పారాసిటమాల్ గోలీ వేసుకొని పనికి వచ్చాడు. థర్మామీటరులో ఏమీ తేలలేదు. మధ్యాహ్నానికి పెనం ముందే కూలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే ఇంటికి పొమ్మంటరు సేటు, కూలి పోతది" అన్నాడు. అతనిది అబద్ధాల బుద్ధి కాదు. రాని రోజుకు కూలి లేదన్న మన బజారు పద్ధతే అతనితో జ్వరాన్ని దాచిపెట్టించింది.

లెక్క చూద్దాం. జ్వరమున్న పనివాణ్ణి పది రోజులు ఇంట్లో ఉంచి రోజుకు 600 చొప్పున కూలి ఇస్తే 6,000 రూపాయలు. అదే జ్వరంతో వంటగదిలో నలుగురు పడిపోయి రెండు వారాలు షట్టర్ దించితే, నెలకు 15,000 కిరాయి కట్టేవాడికి కిరాయి కిందనే దాదాపు 7,000 పోతుంది. బేరం పోయిన నష్టం వేరు. పైగా మామూలుగా దుకాణాలకు చేయించే అగ్నిప్రమాద బీమా ఇందుకు పనికిరాదు, ఆస్తి కాలితేనో కూలితేనో తప్ప అది పలకదు. బ్రిటన్‌లో మూతపడిన వ్యాపారాలకు బీమా సొమ్ము ఇవ్వాలన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021 జనవరిలో చాలామటుకు చిన్న వ్యాపారులవైపే తీర్పు వచ్చింది. కానీ వాళ్ళ పాలసీల్లో అంటువ్యాధి మాట రాసి ఉంది. కేంద్రం 2020లో ప్రకటించిన 3 లక్షల కోట్ల రుణ పూచీ పథకం కూడా ఇచ్చింది అప్పే, తిరిగి కట్టాల్సిందే.

గాలి సంగతీ ఒక మాట. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక ఏసీ హోటల్లో పక్కపక్క బల్లల మీద తిన్న మూడు కుటుంబాల్లో పది మందికి వైరస్ సోకింది. బల్లలు తుడవడం మీద పెట్టే శ్రద్ధలో సగం కిటికీలు తెరవడం మీద పెడితే మేలు. అయినా జ్వరమున్న మనిషి లోపలికి రాకపోవడాన్ని మించిన రక్షణ లేదు.

ఇక కూలి సంగతికొస్తే, మా చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో 21,000 లోపు జీతగాళ్ళకు ఈఎస్ఐ బీమా ఉంది. జబ్బు పడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. పది మంది కూడా లేని టిఫిన్ సెంటర్లు, కిరాణా కొట్లు, మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్ళకు ఆ నీడ తప్పనిసరి కాదు. ఊళ్ళో ఎక్కువ మందితో మాట్లాడేదీ, చేయి తాకేదీ వీళ్ళే. రేషన్ డీలర్లకు, గ్యాస్ సిలిండర్లు ఇచ్చేవాళ్ళకు 2021లో ముందుగా కరోనా టీకా వేయించి ప్రభుత్వం మంచి పని చేసింది. అదే ఆలోచన కూలి దగ్గరా రావాలి.

నేను అడిగేది ఇది. పట్టణంలోని వ్యాపారులమంతా నెలనెలా కొంత వేసుకొని జ్వరం కూలి నిధి పెట్టుకుందాం. ట్రేడ్ లైసెన్సు రుసుములో కొంత మున్సిపాలిటీ దానికి కలపాలి. ప్రభుత్వ ఆసుపత్రి చీటీ చూపిస్తే మూడో రోజుకల్లా డబ్బు చేతికందాలి, ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా. పది మంది లోపు పనివాళ్ళున్న దుకాణాలకూ ఈఎస్ఐ తప్పనిసరిగా వర్తింపజేయాలని మన ఎంపీ, ఎమ్మెల్యే పైవాళ్ళను అడగాలి. ఈ నిధి పని వచ్చే నెలలోనే మొదలుపెట్టాలి. మా హోటల్ తరఫున మొదటి వాటా వేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

— టిఫిన్ హోటల్ యజమాని, చౌటుప్పల్, యాదాద్రి భువనగిరి జిల్లా