కొరియన్ థ్రిల్లర్లలో అసలు సాక్షి ఫోనే!

శుక్రవారం సాయంత్రం అయితే చాలు, మా టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే ప్రశ్న: "మామా, మంచి కొరియన్ థ్రిల్లర్ ఉంటే చెప్పు." ఇన్నాళ్లూ అందరూ చెప్పే ఓల్డ్‌బాయ్, ఐ సా ద డెవిల్ పేర్లే నేనూ చెప్పేవాణ్ణి. ఈసారి గ్యాడ్జెట్ల పిచ్చి ఉన్నవాడిగా నాకు తోచిన లెక్కలో చెప్తాను. ఈ సినిమాల్లో ఫోన్‌ని ఎలా వాడుకున్నారో చూడండి.

మన సినిమాల్లో క్లైమాక్స్ వచ్చేసరికి హీరోయిన్ ఫోన్ బ్యాటరీ అయిపోతుంది, లేదంటే చేతిలోంచి జారి పగిలిపోతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలు వచ్చినా ఇదే వరస! కొరియన్ దర్శకులు ఈ ట్రిక్ అస్సలు వాడరని కాదు. కానీ మంచి సినిమాల్లో ఫోన్ తన పని తాను కరెక్ట్‌గానే చేస్తుంది, తేడా కొట్టేది మనుషులే. నన్ను భయపెట్టేది అదే.

'ది చేజర్' (2008) తీసుకోండి. నా హాంగ్-జిన్ మొదటి ఫుల్ లెంగ్త్ సినిమా. హీరో అనాలో వద్దో తెలియదు గానీ, జూంగ్-హో ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు అమ్మాయిలతో వ్యాపారం చేయించే బ్రోకర్. తన దగ్గర పనిచేసే అమ్మాయిలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. వాళ్లకి చివరగా వచ్చిన కాల్స్ చూస్తే అన్నీ ఒకటే నంబర్, చివర 4885. అప్పటికే జ్వరంతో పడుకున్న మి-జిన్ అనే అమ్మాయిని ఆ నంబర్ వాడి దగ్గరికే పంపేసి ఉంటాడు. అడ్రస్ మెసేజ్ చెయ్యమంటాడు. బాత్రూమ్‌లో సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత సందులో ఒక కారు వచ్చి జూంగ్-హో కారుకి గుద్దుకుంటుంది. దిగినవాడు నంబర్ ఇవ్వనంటాడు. జూంగ్-హోకి డౌట్ వచ్చి తన ఫోన్‌లోంచి 4885కి డయల్ చేస్తాడు. ఎదుటివాడి ఫోన్ మోగుతుంది.

ఇదంతా సినిమా మొదట్లోనే అయిపోతుంది. హంతకుడెవరో మనకి తెలుసు, పోలీసులకీ తెలుసు, వాడే నోరు తెరిచి ఒప్పుకుంటాడు కూడా. ఇంకేం మిగిలింది అనుకుంటాం. మిగిలిందల్లా సాక్ష్యం, టైమ్, ఆ అమ్మాయి ఎక్కడుందన్న ప్రశ్న. అదే రోజు సియోల్ మేయర్ మీద ఎవడో మలం విసిరాడని డిపార్ట్‌మెంట్ మొత్తం ఆ పరువు గొడవలో ఉంటుంది. జూంగ్-హో ఒక తాళాల గుత్తి పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటాడు. ట్విస్ట్ కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ సినిమా కొత్తగా ఉంటుంది, ఎందుకంటే దాచిపెట్టిన రహస్యమేమీ లేదు. ఫోన్ పది నిమిషాల్లో పట్టించినవాణ్ణి మనుషులు ఎలా వదిలేస్తారా అని చూస్తూ పళ్లు కొరుక్కోవడమే. ఒక మనవి: సినిమాలో ఎక్కువ భాగం రాత్రిపూటే. బ్రైట్‌నెస్ తగ్గించి బస్సులో ఫోన్ మీద చూస్తే సగం కనపడదు.

ఇక 'అన్‌లాక్డ్' (2023), నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. జపాన్‌లో ఇంతకు ముందే వచ్చిన కథ. నా-మి అనే అమ్మాయి బస్సులో ఫోన్ మర్చిపోతుంది. దొరికినవాడు స్క్రీన్ పగలగొట్టి, రిపేర్ షాపులో ఇచ్చానని చెప్తాడు. ఆ షాపూ వాడిదే. పాస్‌కోడ్ అడుగుతాడు, ఆమె ఇచ్చేస్తుంది. స్పైవేర్ ఎక్కించి ఫోన్ తిరిగిస్తాడు. సెకండాఫ్ నాకు అంతగా ఎక్కలేదు, కానీ ఆ మొదటి అరగంటకి చెమటలు పట్టాయి.

ఎందుకో చెప్తాను. సరిగ్గా దానికి ముందు వారమే నా ఫోన్ డిస్‌ప్లే పోయి ఒక షాపులో ఇచ్చాను. కౌంటర్‌లో అబ్బాయి "ప్యాటర్న్ చెప్పండన్నా" అన్నాడు. తెల్ల టేప్ మీద తొమ్మిది చుక్కలు పెట్టి గీసి, ఫోన్ వెనకాల అంటించాడు. నేను టీ తాగడానికి వెళ్లాను! నాలుగు గంటలు ఆ ఫోన్ అలాగే కౌంటర్ మీద ఉంది. అందులో రెండు బ్యాంకు యాప్‌లు, ఆఫీస్ లాగిన్‌కి కోడ్‌లు ఇచ్చే యాప్, అమ్మ పంపిన ఆధార్ ఫోటోలు. ఆ అబ్బాయి ఏమీ చేసి ఉండడు, నాకు తెలుసు. కానీ అడిగిన వెంటనే ఇచ్చింది నేనే కదా. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. ఆన్ చేస్తే మన డేటా కనపడకుండా ఫోన్ రిపేర్‌కి ఇవ్వొచ్చు. చిక్కేంటంటే, స్క్రీన్ పూర్తిగా పోయాక ఆన్ చేయడం కుదరదు. అందుకే ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి.

'డెసిషన్ టు లీవ్' (2022) పూర్తిగా వేరే రకం. పార్క్ చాన్-వూక్‌కి కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చిన సినిమా. కొండ మీంచి పడి ఒకడు చనిపోతాడు, అతని చైనీస్ భార్య మీద అనుమానం, విచారించే డిటెక్టివ్ ఆమెనే ప్రేమిస్తాడు. అతను స్మార్ట్‌వాచ్‌లో వాయిస్ నోట్స్ చెప్పుకుంటాడు. ఆమె మనసులో మాట చైనీస్‌లో చెప్పి ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వినిపిస్తుంది. యాప్ గొంతులో ప్రాణం ఉండదు, మాట మాత్రం గుచ్చుకుంటుంది. అందుకే డబ్బింగ్ జోలికి పోకుండా సబ్‌టైటిల్స్‌తో ఒరిజినల్ ఆడియోలోనే చూడండి. ఇందులో పెద్ద క్లూ హెల్త్ యాప్‌లో ఒక అంకె: 138 అంతస్తులు. ఐఫోన్ సుమారు 3 మీటర్ల ఎత్తుని ఒక అంతస్తుగా లెక్కేస్తుంది, అంటే 400 మీటర్ల పైమాటే. ఎవరి ఫోన్, ఏ రోజు అన్నది చెప్పను. జేబులో పడున్న బారోమీటర్ సెన్సార్‌ని ఇంత అందంగా కథలో పెట్టినవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

'ది కాల్' (2020) గురించి రెండు ముక్కలు. మొబైల్ పోగొట్టుకున్న అమ్మాయి ఇంట్లో పాత కార్డ్‌లెస్ ఫోన్ ఎత్తితే, అదే ఇంట్లో 1999లో ఉన్న అమ్మాయి మాట్లాడుతుంది. ప్రొడక్షన్ డేటాబేస్‌లో ఎవడో పాత రికార్డులు మారుస్తుంటే ఇక్కడ స్క్రీన్ మీద ఒక్కొక్కటే మాయమైతే ఎలా ఉంటుందో, అదే ఫీలింగ్.

చివరగా ఫోన్ ఏ పనీ చేయని సినిమా. బాంగ్ జూన్-హో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' (2003). 1986 నుంచి 1991 వరకు హ్వాసాంగ్‌లో జరిగిన నిజమైన హత్యల ఆధారంగా తీశారు. అప్పుడు సీసీ కెమెరాల్లేవు, కాల్ రికార్డుల్లేవు. సినిమాలో డీఎన్‌ఏ పరీక్షకి శాంపిల్‌ని అమెరికా పంపుతారు. పోలీసుల దగ్గరున్నదల్లా లాఠీ, బూట్లు. దొరికినవాణ్ణి తన్ని ఒప్పించడమే వాళ్లకి తెలిసిన విచారణ. సినిమా వచ్చాక 16 ఏళ్లకి, 2019లో, డీఎన్‌ఏ ద్వారా అసలు మనిషి బయటపడ్డాడు. వేరే హత్య కేసులో అప్పటికే జైల్లో ఉన్నాడు. ఆ వరసలో ఒక హత్యకి ఇంకెవరో అమాయకుడు దాదాపు 20 ఏళ్లు జైల్లో గడిపాడు, 2020లో కోర్టు నిర్దోషి అని చెప్పింది.

సినిమా తీసేటప్పుడు వీళ్లకి ఇవేవీ తెలియవు. మనకి తెలుసు. ఆ తెలిసి చూస్తుంటే చివరి షాట్‌లో సాంగ్ కాంగ్-హో చూపు ఎవరి మీద పడుతోందో అర్థమై ఒళ్లు జలదరిస్తుంది.