ఉడుపు మారినను కూడు తప్పరాదు

వాన తప్పిన యేట కర్నూలు, కడప సీమల రైతు మొగము చూచినవారికి, ఈ ప్రాంతపు పడుచువాండ్రు పట్టాళమునకేల పరుగెత్తుదురో వేరుగ చెప్పనక్కరలేదు. నల్లరేగడిలోని శనగకును, ఎఱ్ఱనేలలోని వేరుసెనగకును మేఘము పూచీపడదు. సిపాయి జీతము మాత్రము నెలనెలకు తప్పక యింటికి చేరును. 1970 వరకు కర్నూలు జిల్లాలోనుండి, పిదప ప్రకాశము జిల్లాలో చేరిన గిద్దలూరు, కంభము తట్టున కొడుకు తరువాత కొడుకును సైన్యమునకు పంపిన యిండ్లు పెక్కు గలవు. కావున సైన్యపు కొలువులలో జరుగు ప్రతి మార్పును మన సీమ తన వంటయింటి విషయముగ నెంచి విచారింపవలసియున్నది.

యుద్ధముతో నేరుగ సంబంధములేని పనులనుండి సిపాయిని తప్పించి, వానిని సివిలు నిపుణులకు అప్పగింపవలెనను వాదము నేడు లోకమంతట వినబడుచున్నది. మన దేశమున లెఫ్టినెంటు జనరల్ షెకత్కర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2016 డిసెంబరులో తన నివేదికను సమర్పించెను. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమువారు అందలి 65 సిఫారసులను అంగీకరించి, అధికారులు, సిపాయిలు, సివిలు ఉద్యోగులు కలిసి సుమారు 57,000 పోస్టులను వేరు పనులకు మరలింతుమని ప్రకటించిరి. సైన్యపు పాడిపశువుల శాలలు 39 మూతపడినవి. శాంతిప్రదేశములందలి సైనిక తపాలా శాఖలను తీసివేయుటయు, మరమ్మతు కర్మశాలలను సవరించుటయు ఆ నిర్ణయములోనివే.

ఈ వాదమున న్యాయము లేదని మేమనము. తుపాకి పట్టుట నేర్చినవాడు పాలు పితుకుచు, ఉత్తరములు విడదీయుచు కాలము గడపుట దేశమునకు లాభము కాదు. యంత్రము బాగుచేయుపని యంత్రము తెలిసినవానికే చెందవలెను. మా సంశయము మార్పును గూర్చి కాదు. మార్పు ఏ మెట్టుకడ ఆగునో యను దానిని గూర్చి.

అదే సంఘపు సిఫారసును అనుసరించి 2020 మే నెలలో మిలిటరీ ఇంజనీరింగ్ సర్వీసునందు 9,304 పోస్టులు రద్దుచేయబడెను. అవి సివిలు పోస్టులు. పనిలో కొంత శాఖా సిబ్బందిచేతను, మిగిలినది బయటివారిచేతను చేయింపవలెనని చెప్పబడెను. అవి ఖాళీలే గనుక పనిచేయుచున్నవాడెవ్వడును వీథిని పడలేదనుట నిజమే. కాని ఖాళీ పోస్టనగా నేమి? నేడు పదవతరగతి చదువుచున్న మన పిల్లవాని రేపటి కొలువు. సిపాయి పని సివిలు పని యగుట ఒక మెట్టు. సివిలు పని కంట్రాక్టరు కూలి యగుట రెండవ మెట్టు. మొదటి మెట్టు సంస్కారము. రెండవది పొదుపు పేరిట జరుగు దిగజారుడు.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికాలో నేషనల్ గార్డు అను రిజర్వు బలము గలదు. అందు 1968 శాసనము ననుసరించి సివిలు జీతముపై టెక్నీషియనుగ పనిచేయుచు దళమునందును సభ్యుడుగ నుండువారు ఒక తెగ. పూర్తికాలము సైనిక జీతము పొందువారు మరియొక తెగ. 2024లో అలాస్కా వాయుదళపు గార్డునందు ఈ రెండవ తెగ పోస్టులు కొన్నింటిని మొదటి తెగకు మార్చ సంకల్పింపగా, పని అదే, మనిషి అతడే, జీతబత్తెములు మాత్రము తగ్గునని అక్కడివారు మొఱపెట్టుకొనిరి. సంపన్న దేశమందే యీ బాధ యుండ, కరవుసీమవాని మాట చెప్పవలయునా?

ఇక మనకు గడువు దగ్గరనే యున్నది. 2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథ పథకము ప్రకారము చేరినవాడు నాలుగేండ్లు పనిచేయును. నూటికి 25 మందికి మించి సైన్యమున నిలుపబడరు. తక్కినవారు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో ఇంటికి మరలవలెను. వారికి పింఛను లేదు. 2022 చివర చేరినవారికి నాలుగేండ్లు నిండుట 2026 చివర. రక్షణశాఖ కొలువులలో వీరికి నూటికి 10 పాళ్లు ప్రత్యేకింతుమని ప్రభుత్వమువారు వాగ్దానము చేసియున్నారు.

వాగ్దానము మంచిదే. కాని పాత వాగ్దానము గతి యేమైనది? కేంద్ర ప్రభుత్వపు గ్రూపు ‘సి’ కొలువులలో నూటికి 10, గ్రూపు ‘డి’ కొలువులలో నూటికి 20 మాజీ సైనికులకు ప్రత్యేకింపబడినవి. 2021 జూన్ నాటికి లెక్కలు పంపిన 34 శాఖలలో వారు గ్రూపు ‘సి’యందు నూటికి 1.29, గ్రూపు ‘డి’యందు 2.66 మాత్రమే. విస్తరి పెద్దదే, వడ్డించినది పిడికెడు.

కావున మేము కోరునవి మూడు. సైన్యమునుండి సివిలు శాఖకు మారిన ప్రతి పని స్థిరమైన పోస్టుగనే నిలువవలెను. సైన్యమున నేర్చిన పనితనమును ఐటిఐ యోగ్యతాపత్రముతో సమానముగ నెంచవలెను. ఏండ్లతరబడి జెనరేటరు నడిపినవానిని కాగితమేదని గుమ్మముకడ నిలుపుట వివేకము కాదు. ప్రత్యేకించిన పోస్టులెన్ని, నింపినవెన్ని యను లెక్కను శాఖలన్నియు ఏటేట ప్రకటింపవలెను.

ఇది అసాధ్యము కాదు. 2024 మార్చిలో ఎన్.సి.సి.లో మూడు లక్షల కేడెట్ల స్థానములను పెంచ నిశ్చయించినపుడు, మాజీ సైనికులనే శిక్షకులుగ తీసికొందుమని ప్రభుత్వమువారు చెప్పిరి. ఆ న్యాయమే అంతటను వర్తింపనిండు. మన సీమలో పనికి కొదువలేదు. 2025 ఏప్రిలులో లేసరు ఆయుధమును పరీక్షించిన డి.ఆర్.డి.ఓ. వారి క్షేత్రము కర్నూలు కడనే యున్నది. గని, శకునాల గ్రామముల వేయి మెగావాట్ల సూర్యశక్తి కేంద్రమును, కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రమును యంత్రము తెలిసిన చేతులతోనే నడచుచున్నవి. మన నేలపై వెలసిన కర్మశాలలలో మన సిపాయికి చోటు లేదనుట సిగ్గుచేటు.

పఠనాలయములవారికి ఒక విన్నపము. మీ యూరికి మరలివచ్చిన సైనికుల పేర్లను, వారికి తెలిసిన పనులను ఒక పుస్తకమున వ్రాసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు ప్రతి నంపుడు. ఉద్యోగ ప్రకటన వచ్చిన దినముననే గోడకు అంటింపుడు. ఏ పోస్టులు నిండలేదో వ్రాతమూలమున అడుగుడు. అడుగనివానికి అన్నమిడు సర్కారును మన సీమ యెన్నడును చూచియుండలేదు.