గోడ కూలింది సరే, కర్త ఎవరు?



"వానకు గోడ కూలింది" అన్న వాక్యం ప్రతి వర్షాకాలంలోనూ మన కంటబడుతుంది. చిరకాలం పిల్లలకు వ్యాకరణం బోధించినవాణ్ణి గనుక ఇందులో కర్త ఎవరని అడగకుండా ఉండలేను. "వానకు" అన్నచోట షష్ఠీ విభక్తి వేసి దాన్ని హేతువుగా చూపుతున్నారు గాని, మనసులో మాత్రం నేరమంతా వానపైనే మోపుతున్నారు. స్వతంత్రంగా పనిచేసేవాడు కర్త అని వైయాకరణుల నిర్ణయం. వాన కురుస్తుంది, నీరు పల్లానికి పోతుంది. అది దాని స్వభావం. ఆ దారిని మూసినవాడే ఇక్కడ కర్త!

విశాఖపట్నం వంటి కొండవాలు ఊళ్ళలో పెరటిని చదును చేసుకుని నాలుగు పూలమొక్కలు పెంచుకోవాలనుకోవడం దోషం కాదు. అందుకు దిగువ అంచున మట్టిని ఆపే గోడ కావాలి. దాన్ని ప్రహరీగోడలా కట్టడమే అనర్థం. ప్రహరీ తన బరువు తాను మోస్తే చాలు. ఈ గోడ వెనుకనుంచి వచ్చే తోపును నిత్యం భరించాలి. గోడ వెనుక మీటరు ఎత్తున నీరు నిలిస్తే, ఆ నీరు ప్రతి మీటరు పొడవు గోడనూ సుమారు అర టన్ను బలంతో నెడుతుంది. ఎత్తు రెండు మీటర్లయితే ఆ బలం రెండు టన్నులు. అంటే ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు. మట్టి తోపు దీనికి అదనం.

విరుగుడు బ్రహ్మవిద్య కాదు. పునాదిని గట్టినేల దాకా దించాలి. గోడను కొంచెం వాలువైపు ఒరిగేట్టు కట్టాలి. వెనుక అడుగు మందాన కంకర నింపి, గోడలో వరుసగా నీటి రంధ్రాలు విడవాలి. ఎత్తు నడుము దాటితే ఇంజనీరుచేత లెక్క కట్టించాలి. కాని రంధ్రాలనుంచి కారే నీటికి గోడమీద మరకలు పడతాయట, రంగు పాడవుతుందట! అందుకని మేస్త్రి వద్దన్నా వాటిని సిమెంటుతో పూడ్పించే యజమానులున్నారు. ఇది సౌందర్యదృష్టి కాదు, అవివేకం.

సిమెంటు లేకుండా రాతిపై రాయి పేర్చిన కట్టును మనవాళ్ళు నాటుపని అని చులకన చేస్తారు. ఆ రాళ్ళ సందులే నీటికి దారులు. 2018లో యునెస్కో ఆ విద్యను ఇటలీ, ఫ్రాన్స్, గ్రీసు మొదలైన 8 దేశాల పేరిట మానవజాతి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. నీటితో పోరాడక దానికి దారి ఇవ్వడమే ఆ విద్యలోని రహస్యం.

"మా స్థలం, మా గోడ, మీకెందుకు?" అంటారా? ఆ గోడ కూలేది కట్టించుకున్నవారిమీద కాదు, పల్లంలో ఉన్నవారిమీద. దిగువన రేకుల ఇంట్లో నిద్రిస్తున్న పిల్లలకు మీ గోడ రంగుతో పనిలేదు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, సింహాచల చందనోత్సవం నాడు, వానలో కొత్తగోడ కూలి వరుసలో నిలబడిన ఏడుగురు భక్తులు మరణించారు. వారిలో ఒక్కరూ ఆ గోడ కట్టినవారు కారు.

కనుక వాలుమీద గోడ కట్టడం సొంత వ్యవహారం కాదు, పొరుగువారి ప్రాణాలకు పూచీ పడడం. ఆ పూచీ పడలేనివారు వాలును వాలుగానే వదిలి, వేరు పట్టే గడ్డి నాటుకోవడం మేలు. విభేదించేవారు నిస్సంకోచంగా వాదించవచ్చు. వానను మాత్రం సాక్ష్యానికి పిలవకండి.