ఆకు తుప్పు పడితే యూరియాయేనా మందు?

నాట్లు పడి మూడు వారాలు కాలేదు. మడిలో అక్కడక్కడ పైరు గిడసబారింది. దుబ్బు చేయదు, ముదురాకుల మీద తుప్పు మచ్చలు, వంచితే ఆకు పెళుక్కున విరుగుతుంది. బందరు, గుడివాడ ప్రాంతాల్లోనూ, దివిసీమలోనూ రైతులకు ఇది కొత్త కాదు. కొట్టుకు పోతే ఒక మందు డబ్బా, ఒక యూరియా బస్తా అంటగడతారు. అప్పు ఖాతాలో పడుతుంది, లోపం మడిలోనే వుంటుంది.

ఇది చాలాచోట్ల తెగులు కాదు, జింకు లోపం. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే వరిలో 'ఖైరా' జబ్బుకు కారణం ఇదేనని తేల్చారు. పైరుకు వంటిల్లు ఆకే. అక్కడి పత్రహరితానికి నడుమ మెగ్నీషియం వుండాలి, అది తయారు కావడానికి ఇనుము కావాలి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును వాడుకోవడానికి జింకు తోడ్పడాలి. వీటిలో ఒకటి తక్కువైతే ఎంత నత్రజని పోసినా పొయ్యి రాజుకోదు.

మన నేలలో జింకు బొత్తిగా లేకపోవడం కాదు, వున్నది వేళ్లకు అందదు. క్షారం ఎక్కువైన నల్లనేల, ఎడతెగని నీటి నిల్వ, మితిమీరిన భాస్వరం దాన్ని బిగబట్టేస్తాయి. డ్రెయిన్లు పూడిపోయి మురుగు దిగని పొలంలో ఇక చెప్పేదేముంది! 1977 నవంబరు 19 ఉప్పెనతో ఉప్పు తిన్న దివిసీమకు ఈ బాధ రెండింతలు. డెల్టా మురుగు సంగతి మిత్రా కమిటీ 1960లలోనే చెప్పింది. విన్నవారెవరు?

ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేయాలని, దాన్ని భాస్వరం ఎరువులతో కలపవద్దని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతూనే వున్నారు. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, అయిదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లాలి. కాని 2010 ఏప్రిల్‌లో కేంద్రం యూరియా ధరను మాత్రం అదుపులో వుంచి మిగిలిన ఎరువుల ధరలను కంపెనీల చేతికి వదిలింది. రైతు చవకైనదానికే చేయి చాచాడు. తప్పు రైతుదా?

ఇక విషలోహాల మాట. భాస్వరపు రాతిలో కాడ్మియం వుంటుంది. అది మాంగనీసు, ఇనుము, జింకు వెళ్లే దారుల్లోనే వేళ్లలోకి దూరి పత్రహరితాన్ని చెడగొడుతుంది, గింజలోకీ చేరుతుంది. నీరు నిలిచిన మడిలో అది అంతగా కదలదు, మడి ఆరితే కదులుతుంది. ఐరోపా దేశాలు 2022 నుంచి భాస్వరం ఎరువులో దీనికి హద్దు పెట్టాయి. కిలో భాస్వరానికి 60 మిల్లీగ్రాములు దాటరాదు. మన దగ్గర 2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలున్నాయి. జింకు వుంది, కాడ్మియం లేదు, సీసం లేదు. బెజవాడ మురుగు కలిసే బందరు కాల్వ నీటితోనే కింద పొలాలు తడుస్తున్నా ఈ పరీక్ష ఎవరికీ అవసరమనిపించలేదు.

కార్డయినా ఎవరి పేర వస్తుంది? పొలం ఆసామి పేర. దమ్ములో దిగేది కౌలుదారు. 2019 చట్టం యజమాని సంతకం వుంటేనే సాగుదారుకు గుర్తింపు కార్డు అన్నది. సంతకం పెట్టే ఆసామి ఎంతమంది?

దున్నేవాడి పేరుతోనే మట్టి పరీక్ష జరగాలి. సార్వా నారు పోయకముందే ఫలితం, జింకు సల్ఫేటు అతని చేతికి అందాలి. కాల్వ నీటిలో, మట్టిలో కాడ్మియం, సీసం ఎంతున్నాయో కొలిచి ఆ లెక్క ఊరి రచ్చబండ దగ్గర అంటించాలి.