పెంగ్విన్ల దగ్గరికి పసిపిల్లలెందుకు?

ముందే చెప్పేస్తున్నాను. నాలుగైదేళ్ళ పిల్లల్ని అంటార్కిటికా క్రూయిజ్‌కి తీసుకెళ్ళడం పిల్లల కోసం చేసే పని కాదు. అది పెద్దవాళ్ళ సరదా. సరదా తప్పని నేననను. డబ్బుంది, ఓపికుంది, వెళ్ళండి. కానీ "మా వాడికి ప్రపంచం చూపిస్తున్నాం" అంటూ ఆ సరదాని పసివాడి నెత్తిన పెట్టకండి. వాడు అడిగాడా? ఆ వయసులో వాడికి ఊరి చెరువులో బాతూ ఒకటే, అక్కడి పెంగ్వినూ ఒకటే.

ఈ మాటంటే పాతకాలం దాన్నంటారు. సరే, ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చూద్దాం.

హైదరాబాద్ నుంచి బ్యూనస్ ఐరిస్‌కి నేరుగా విమానం లేదు. విమానాలు మారి మారి అక్కడికి చేరి, మళ్ళీ ఇంకో విమానమెక్కి అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషుయాయా వెళ్ళాలి. ఓడ ఎక్కేది అక్కడ. ఎక్కీ ఎక్కగానే డ్రేక్ పాసేజ్. దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం. పోవడానికి సుమారు రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. గాలికీ అలలకీ అడ్డుపడే నేల లేని చోటది. అదృష్టం బాగుంటే చెరువులా ఉంటుంది, లేకపోతే మంచం పట్టుకుని పడుకోవడమే. పెద్దవాళ్ళు చెవి వెనక స్కోపొలమైన్ పట్టీ అంటించుకుంటారు. అది పిల్లలకి కాదు. మనం బస్సు ప్రయాణాలకి వేసుకునే అవోమిన్ తెలుసుగా, అందులో ఉండే ప్రోమెథజైన్ రెండేళ్ళ లోపు పిల్లలకి వేయనే కూడదు. మరి నడిసముద్రంలో వాంతులు చేసుకునే చంటిదానికి ఏం చేస్తారు?

ఓడలో డాక్టరుంటారు, నిజమే. పిల్లల ఆసుపత్రి ఉండదు. అక్కడ నుంచి రోగిని బయటికి తీసుకెళ్ళాలంటే వాతావరణం ఒప్పుకోవాలి. మూడేళ్ళ పిల్లకి అర్ధరాత్రి జ్వరం 104 దాటితే మనం ఇంట్లో ఏం చేస్తాం? తువ్వాలు తడిపి పెడుతూనే ఆటో పిలుస్తాం. అక్కడ ఎవర్ని పిలుస్తారు? 2022 నవంబర్ చివర్లో ఉషుయాయాకి తిరిగొస్తున్న ఒక క్రూయిజ్ ఓడని పెద్ద అల కొట్టింది. గదుల అద్దాలు పగిలి ఒక ప్రయాణికురాలు చనిపోయింది. రోజూ జరిగేది కాదు. కానీ అలాంటి సముద్రమని తెలిసి మనం వెళ్ళడం వేరు, తెలియని పిల్లల్ని ఎత్తుకెళ్ళడం వేరు.

పోనీ, అన్నీ దాటి చేరారనుకోండి. అక్కడ పిల్లలు చేసేదేమిటి? మంచు చూడగానే ఏ పిల్లాడైనా దొర్లుతాడు. అక్కడ దొర్లకూడదు. బర్డ్ ఫ్లూ భయంతో నేల మీద కూర్చోవడం, మోకాళ్ళ మీద వంగడం, పడుకోవడం కూడా వద్దంటున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆ జబ్బు అక్కడ బయటపడింది కూడా. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరంలో ఉండాలి. ఒడ్డున ఏమీ తినకూడదు. ఒంటికీ రెంటికీ వెళ్ళకూడదు. ఓడ దిగేముందు, ఎక్కాక బూట్లు కడగాలి. ఒకచోట ఒకేసారి 100 మందికి మించి దిగనివ్వరు. ఇవన్నీ మంచి నియమాలే, ఉండాల్సినవే. కానీ ఈ నియమాలు పాటించే నాలుగేళ్ళ పిల్లాడు మీ ఇంట్లో ఉన్నాడా? మా చుట్టాలెవరిళ్ళలోనూ లేడు.

అసలు చాలా కంపెనీలు చిన్నపిల్లల్ని తీసుకోవు. తీసుకునేవాళ్ళు కూడా ఒడ్డుకి చేర్చే రబ్బరు పడవ ఎక్కించాలంటే వయసో ఎత్తో చూస్తారు. పిల్లాడు ఎక్కకూడదంటే గదిలో వాడితో ఎవరుంటారు? చెప్పక్కర్లేదుగా! ఆయన కెమెరా మెళ్ళో వేసుకుని దిగుతారు. ఈవిడ లక్షలు పోసి, భూమి కొస దాకా వెళ్ళి, కిటికీలోంచి మంచుకొండ చూస్తూ పిల్లాడికి పెరుగన్నం కలుపుతుంది. ఇంట్లో చేసే చాకిరీయే, ఊగే గదిలో. దీన్నీ ఫ్యామిలీ ట్రిప్ అంటారు!

"కరిగిపోకముందే పిల్లలకి చూపించాలి కదా" అనేది ఇంకో మాట. 2023-24 సీజన్‌లో 1,20,000కి పైగా జనం అలాగే వెళ్ళారు. ఓడల పొగలోని మసి మంచు మీద పడితే మంచు త్వరగా కరుగుతుంది. 2022లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక్కో యాత్రికుడి వల్ల సుమారు 83 టన్నుల మంచు అదనంగా కరుగుతోంది. నలుగురున్న కుటుంబానికి లెక్క వేసుకోండి. పిల్లలకి మిగలాల్సినదాన్ని పిల్లల పేరు చెప్పి కరిగించడమన్నమాట. పోనీ చూసింది గుర్తుంటుందా? చాలామందికి మూడు మూడున్నరేళ్ళ ముందు సంగతులేవీ గుర్తుండవు. మిగిలేది ఫోటోలు. అవి వాడి జ్ఞాపకాలు కావు, మన ప్రదర్శన.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సియాటెల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కి వెళ్తుంటారు. నేనంటున్నది దాని గురించి కాదు. దారిలో కొంత భాగం దీవుల చాటున సాగుతుంది, ఊళ్ళలో ఆగుతుంది, హిమానీనదాన్ని డెక్ మీద నుంచే చూడొచ్చు. పసిపిల్లలకి మంచు చూపించాలంటే అది చాలు. మనకి దగ్గర్లో మనాలీ ఉంది, హాయిగా దొర్లొచ్చు.

అంటార్కిటికాకి పిల్లల్ని పది పన్నెండేళ్ళు వచ్చాక తీసుకెళ్ళండి. అప్పటికి "5 మీటర్లు ఎందుకమ్మా?" అని అడుగుతారు, చెబితే అర్థమవుతుంది. ఓడలు తిరిగేది నవంబర్ నుంచి మార్చి దాకా కాబట్టి బడి మానేయాల్సి వస్తుంది. ఆ వయసులో మానేసినా దానికో అర్థముంటుంది.

అమ్మకి అంతవరకు ఆగాలని లేదా? అయితే అమ్మే వెళ్ళాలి! పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో, నాన్న దగ్గరో వదిలి. 1983-84లో మన దేశపు మూడో అంటార్కిటికా యాత్రలో అదితి పంత్, సుదీప్త సేన్‌గుప్తా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెళ్ళారు. మన దేశపు అంటార్కిటికా యాత్రల్లో పాల్గొన్న మొదటి మహిళలు వాళ్ళే. మనం చదువు కోసం కాకపోయినా, చూడాలన్న కోరికతోనే వెళ్ళొచ్చు. ఆ కోరికని "పిల్లల కోసం" అనే చీరలో చుట్టి దాచుకోనక్కర్లేదు. నాకు చూడాలనుంది, వెళ్తాను అని చెప్పండి. పది రోజులు నాన్న పెరుగన్నం కలిపితే పిల్లలకేమీ కాదు.